పొయ్యి పొగ ఎంతదూరం పోతుంది?

పిల్లలూ! చలికాలం ఉదయం ఏడు గంటలకు, కట్టెల పొయ్యి మండుతున్న వంటింటి గడపలో నిలబడి లోపలికి చూడండి. పైకప్పు గవాక్షంలోంచి ఎండ ఒక వాసంలాగా ఏటవాలుగా దిగుతుంది. ఆ ఎండలో మెరుస్తూ తిరిగే నలుసులు కనిపిస్తాయి. అవి దుమ్ము. వాటి వెనుక, ఒక్కొక్కటిగా విడదీసి చూడటానికి వీలులేని నీలిరంగు తెర ఒకటి మెల్లగా పైకి జరుగుతుంటుంది. అది పొగ. నలుసులను చూడగానే మనం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాం. నీలితెరను మాత్రం పట్టించుకోం. నిజానికి జాగ్రత్త పడవలసింది దానితోనే.

అది నీలంగా ఎందుకు ఉంటుందో తెలుసా? పొగలోని కణాలు మరీ చిన్నవి. చిన్న కణాలు వెలుగులోని నీలిరంగును ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం కూడా ఇలాంటిదే. కాబట్టి పొగ నీలంగా ఉన్నదంటే దాని కణాలు చాలా సన్నవని అర్థం.

ఎంత సన్నవి? మీ తల వెంట్రుక మందం దాదాపు 50 నుంచి 70 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను. కట్టెల పొగలోని కణాలలో ఎక్కువభాగం రెండున్నర మైక్రాన్లకంటె చిన్నవి. మన రక్తంలోని ఎర్రకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. అంటే రెండున్నర మైక్రాన్ల కణాలు మూడింటిని వరసగా పేరిస్తే ఒక్క ఎర్రకణమంత అవుతాయి. శాస్త్రజ్ఞులు వీటిని పి.ఎం. 2.5 అంటారు. పెద్ద దుమ్ము ముక్కు వెంట్రుకల్లోనూ గొంతులోని జిగురులోనూ చిక్కుకుంటుంది. దాన్ని చీదేస్తాం, ఉమ్మేస్తాం. ఈ సన్నకణాలు అక్కడ ఆగవు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల దాకా పోతాయి. ఆ గాలిగది గోడకు ఇటు గాలి ఉంటే అటు రక్తం ఉంటుంది.

పొగ అనగానే మనకు దగ్గు, ఆయాసం, కళ్లమంట గుర్తుకొస్తాయి. చాలాకాలం డాక్టర్లు కూడా దాన్ని ఊపిరితిత్తుల వ్యవహారంగానే చూశారు. అది గుండె వ్యవహారం కూడా అని గత మూడు నాలుగు దశాబ్దాలలోనే గట్టిగా తేలింది. గాలిగదుల్లో చేరిన కణాలను చూసి శరీరం శత్రువు వచ్చిందనుకుంటుంది. అక్కడ వాపు మొదలవుతుంది. ఆ వాపునుంచి వెలువడే రసాయనాలు రక్తంలో కలిసి ఊరంతా తిరుగుతాయి. రక్తనాళాల లోపలి పొర వాటివల్ల దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోని నరాలు రెచ్చి గుండె లయను మారుస్తాయి. కణాలలో మరీ చిన్నవైతే తామే గోడ దాటి రక్తంలోకి దిగుతాయి.

పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కంటె ఈ వాయువుతో స్నేహం 200 రెట్లకు పైగా ఎక్కువ. బస్సులో సీటు ఖాళీ కాకముందే తువ్వాలు వేసినట్టు, ఆక్సిజన్ కూర్చోవలసిన చోట ఇది కూర్చుంటుంది.

రెండు ట్యాంకర్ల రక్తం

ఇప్పుడొక లెక్క చేయండి. ప్రశాంతంగా కూర్చుని, మణికట్టు మీద మూడువేళ్లు ఆనించి, ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు సుమారు 70 ఉంటుంది. ఒక రోజుకు ఎన్ని? 1,00,800. ఒక నిమిషంలో గుండె తోడే రక్తం దాదాపు 5 లీటర్లు. రోజుకు 7,200 లీటర్లు.

స్త్రీ గర్భం దాల్చినప్పుడు ఈ లెక్క మారిపోతుంది. ఒంట్లోని రక్తం లీటరు నుంచి లీటరున్నర దాకా పెరుగుతుంది. నాడి నిమిషానికి పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై కొట్టుకోళ్లు పెరుగుతుంది. పదిహేను చొప్పున వేసుకున్నా రోజుకు 21,600 కొట్టుకోళ్లు అదనం! నిమిషానికి 5 లీటర్లు తోడే గుండె ఏడు లీటర్ల దాకా తోడుతుంది. రోజుకు పదివేల లీటర్లు. ఎండాకాలంలో మన వీధికి వచ్చే అయిదువేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు రెండు ఊహించుకోండి. పిడికెడంత గుండె రోజూ అంత రక్తం తోడుతుంది, మంచం మీద పడుకుని ఉన్నా సరే. డాక్టర్లు గర్భాన్ని గుండెకు పెట్టే పరీక్ష అని అంటారు. చాలామంది తల్లులు ఆ పరీక్షలో నెగ్గుతారు. కాని పరీక్ష రాసే పిల్లవాడి పక్కన మైకు పెట్టి పాటలు వేస్తే ఎలా ఉంటుంది? గర్భిణి గుండెకు పొగ అలాంటిది. పైగా గర్భిణి పీల్చే గాలి కూడా నిమిషానికి మూడోవంతు, అంతకు పైగా పెరుగుతుంది. గాలి ఎక్కువ పీలిస్తే అందులో ఉన్నదీ ఎక్కువే పోతుంది.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. 1982లో నేను ఏడో తరగతి. మా అక్క తొలిచూలు కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. విశ్రాంతికే వచ్చింది. కాని అమ్మ పొద్దున్నే చేనుకు పోయేది, అందువల్ల ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు అక్కే చేసేది. మా జహీరాబాదు ప్రాంతంలో జొన్నరొట్టెకు పెద్దమంట కావాలి. కంది కట్టెతో మంట బాగా లేస్తుంది, పొగా అంతే లేస్తుంది. తొమ్మిదో నెలలో అక్క కాళ్లు, ఆ తరవాత ముఖం ఉబ్బాయి. "నీరు దిగింది, కాన్పయితే పోతది" అన్నారు ఇంట్లోవాళ్లు. ఒకనాటి సాయంత్రం ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న మనిషి, "తమ్మీ, నెత్తి పగులుతుందిరా, కండ్ల ముందు చుక్కలు కనిపిస్తున్నయి" అంది. కాసేపటికే ఫిట్సు వచ్చాయి. చెరుకు లారీ డ్రైవరును బతిమాలి పట్నం తీసుకుపోయారు. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు.

మన పెద్దలు దీన్ని గుర్రపువాతం అనేవారు. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ కూడా అనేవారు. వైద్యశాస్త్రంలో దీని పేరు ఎక్లాంప్సియా. దీనికి ముందుదశ ప్రీఎక్లాంప్సియా. అయిదోనెల దాటాక రక్తపోటు 140/90కి చేరడం, మూత్రంలో మాంసకృత్తులు పడటం దీని ముఖ్య లక్షణాలు.

పొయ్యి పొగవల్లే మా అక్కకు ఆ జబ్బు వచ్చిందని నేను చెప్పను. ఒక్క మనిషి విషయంలో అలా చెప్పకూడదు కూడా. తొలికాన్పు కావడం, ముందే రక్తపోటు ఉండటం, వంశంలో ఉండటం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయితే ప్రపంచంలో అనేక దేశాలలో వేలమంది గర్భిణుల వివరాలు సేకరించి చూస్తే, సన్నకణాలు ఎక్కువగా ఉన్న గాలి పీల్చినవారిలో ఈ రక్తపోటు జబ్బులు కొంత ఎక్కువగా కనిపించాయి. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు. ఎక్కువ చెప్పినవి మాత్రం అటువైపే. ఇంకొక సంగతి డాక్టర్లకు బాగా తెలుసు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి ఆ తరవాతి జీవితంలో గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటె సుమారు రెండింతలు. కాన్పుతో అది పూర్తిగా పోదు. మా అక్క ఇప్పటికీ బి.పి. మాత్రలు వేసుకుంటున్నది.

ఎవరు ఎంత పీలుస్తున్నారు?

ఇదంతా ఎక్కడో పెద్ద నగరాల గొడవ అనుకోకండి. 2000 సంవత్సరం ప్రాంతంలో శాస్త్రజ్ఞులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలకు వచ్చి, 400కు పైగా ఇళ్లలో గాలిని కొలిచారు. ఈ పరిశోధనకు నాయకత్వం వహించింది మద్రాసులోని శ్రీరామచంద్ర వైద్యసంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గ్యాసు వాడే ఇళ్లలో ఘనపుమీటరు గాలికి, ఒక రోజు సగటున, 73 మైక్రోగ్రాముల సన్నధూళి ఉన్నది. కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో? 732! పదిరెట్లు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఒక రోజుకు పెట్టిన హద్దు 15. మన దేశం 2009లో పెట్టుకున్నది 60. వాళ్లు కొలిచిన ధూళికీ, ఈ హద్దులు చెప్పే ధూళికీ పరిమాణంలో కొంచెం తేడా ఉన్నది. అయినా అంతరం ఎంతో మీకు అర్థమవుతూనే ఉంటుంది.

ఆ పరిశోధనలో నన్ను ఆపి ఆలోచింపజేసిన మాట ఇంకొకటి ఉన్నది. ఇంట్లో అందరికంటె ఎక్కువ పొగ పీల్చేది ఎవరు? వంట చేసే స్త్రీలు. వారిలోనూ 15 నుంచి 40 సంవత్సరాల వయసువారు. పిల్లల్ని కనే వయసు అదే! గుండెకు పెద్ద పరీక్ష ఉన్న కాలంలోనే పొగ కూడా అందరికంటె ఎక్కువ. మగవాళ్లలో ఎవరు ఎక్కువ పీల్చారనుకున్నారు? 65 దాటిన తాతలు. పనికి పోకుండా ఇంట్లో ఉంటారు కనుక.

హైదరాబాదు శివార్లలో, రంగారెడ్డి జిల్లాలోనే, 28 గ్రామాలలో జరిగిన మరొక పరిశోధన ఉన్నది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 1987లో అక్కడ గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారంపై మొదలుపెట్టిన పని అది. ఆ కుటుంబాలనే తరవాత దశాబ్దాలపాటు పరిశీలిస్తూ వచ్చారు. స్పెయిన్ దేశంలోని బార్సిలోనా శాస్త్రజ్ఞులు కూడా వారితో కలిసి ఆ పల్లెల గాలినీ, పల్లెవాసుల గుండెనూ పరీక్షించారు. సుమారు యాభైమంది మెడలో చిన్న కెమెరా, నడుముకు గాలిని కొలిచే యంత్రం కట్టుకుని తిరిగారు. కెమెరా తనంతట తానే ఫొటోలు తీసేది. ధూళి ఎక్కువైన క్షణంలో ఆ మనిషి ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో ఫొటోలో దొరికిపోయేది. ఆడవాళ్ల ఫొటోల్లో అలాంటి క్షణాలలో ఎక్కువగా కనిపించింది పొయ్యి.

ఆ పల్లెల బయటిగాలిలో ఏడాది సగటు ధూళి 33 మైక్రోగ్రాములు. మన దేశపు ఏడాది హద్దు 40 కనుక మనం దాన్ని "మంచిగాలి" అనే అంటాం. అంత గాలిలోనే, ధూళి కాస్త ఎక్కువున్న చోటి స్త్రీలకు రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్నదని 2019లో ప్రకటించారు. వాళ్లు గర్భిణులు కారు, మామూలు స్త్రీలు. మామూలు గుండెకే అలా ఉంటే, రెండు ట్యాంకర్ల గుండె సంగతి మీరే ఆలోచించండి.

మావి దాకా

తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ కలవవు. మధ్యలో మావి ఉంటుంది. నెలలు నిండేసరికి అది అరకిలో బరువుండే రక్తపు సంచి. బిడ్డకు గాలి, తిండి, చెత్త తీసివేయడం అన్నీ దానిద్వారానే. నిమిషానికి అరలీటరుకు పైగా తల్లి రక్తం గర్భసంచికి రావాలి. అందుకోసం గర్భం మొదటి నెలల్లోనే అక్కడి సన్నని ధమనులు వెడల్పవుతాయి. అవి సరిగా వెడల్పు కాకపోతే మావికి రక్తం చాలదు. అప్పుడు మావినుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వస్తాయి. అవి తల్లి ఒంట్లోని రక్తనాళాలను బిగిస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. ప్రీఎక్లాంప్సియా పుట్టుక గురించి ఇప్పుడు మనకు తెలిసిన కథ ఇది. రక్తనాళాల లోపలి పొరను చెడగొట్టే పొగ ఈ కథలో ఎక్కడ చొరబడగలదో చూశారా?

మరి పొగ నిజంగా మావి దాకా పోతుందా? 2019లో బెల్జియం దేశంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వారు కాన్పు తరవాత మావులను ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో పరీక్షించారు. నల్లటి మసికణాలు మావిలో బిడ్డవైపున కనిపించాయి. ఎక్కువ కాలుష్యం ఉన్నచోట నివసించిన తల్లుల మావిలో ఎక్కువ కణాలు. తల్లి ముక్కుతో పీల్చిన మసి ఊపిరితిత్తులు దాటి, గుండె దాటి, అంతదూరం ప్రయాణం చేసిందన్నమాట!

గాలి బాగుపడితే బిడ్డ బాగుంటుందా? 2008 ఒలింపిక్సు కోసం చైనా ప్రభుత్వం బీజింగులో కర్మాగారాలను, వాహనాలను కొన్ని వారాలు అదుపుచేసింది. సరిగ్గా ఆ రోజుల్లో ఎనిమిదోనెల నడిచిన తల్లుల బిడ్డలు, ముందు వెనుక సంవత్సరాల బిడ్డలకంటె సగటున 23 గ్రాములు ఎక్కువ తూగారు. ఒక బిడ్డకు అది పెద్ద తేడా కాదు. కాని నగరం మొత్తంమీద తేడా కనిపించింది.

అయితే మన పక్కనే జరిగిన ఒక ప్రయోగం వేరే మాట చెప్పింది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలో సుమారు 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగంమందికి గ్యాసు పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వారు పీల్చే ధూళి 70 నుంచి 24కు, అంటే మూడోవంతుకు తగ్గింది. అందరూ బిడ్డల బరువు పెరుగుతుందనుకున్నారు. 2022లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు! తల్లుల రక్తపోటు కూడా తగ్గలేదు. శాస్త్రజ్ఞులు దాన్ని దాచలేదు, ఉన్నదున్నట్టు అచ్చువేశారు. ఎందుకలా జరిగింది? ఆ తల్లులు ప్రయోగంలో చేరేటప్పటికి రెండు నుంచి అయిదు నెలలు దాటాయి. ధమనులు వెడల్పయ్యే కాలం చాలామందికి పొగలోనే గడిచిపోయింది. 24 కూడా తక్కువేమీ కాదు. ఇవి నాకు తోచిన కారణాలు. మీకు ఇంకేమైనా తోస్తే మీ సైన్సు మాస్టారితో వాదించండి.

నా మటుకు నాకు అర్థమైంది ఇది. గర్భం అని తెలిసిన తరవాత పొయ్యి మార్చడం ఆలస్యమే కావచ్చు. పెళ్లయి వచ్చిన కోడలు పొగలో కూర్చోకుండా ఇల్లు ముందే మారాలి.

ఇంట్లో సిలిండరు, పెరట్లో పొయ్యి

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక పల్లెల్లో కూడా సిలిండర్లు వచ్చాయి. ఇప్పుడు మా బడిలో "మీ ఇంట్లో గ్యాసు ఉందా?" అంటే దాదాపు అన్ని చేతులూ లేస్తాయి. "స్నానానికి నీళ్లు దేనిమీద కాస్తారు?" అంటే చేతులు దిగిపోతాయి. "జొన్నరొట్టె?" అంటే నవ్వులు. గ్యాసు మీద రొట్టె రుచి ఉండదట! నాకూ ఆ రుచి ఇష్టమే, కాదనను. కాని కట్టె పొయ్యి ఉంటే దాన్ని బయట, చూరుకింద కాకుండా బయలులో పెట్టండి. బాగా ఎండిన కట్టె వాడండి. పొయ్యి అంటించిన మొదటి కాసేపు పొగ ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలో గర్భిణి అక్కడ ఉండకూడదు. ఊదుగొట్టం ఊదేవారి ముఖం పొగకు జానెడు దూరంలో ఉంటుంది. ఆ పని ఆమెకు అసలు వద్దు. నీళ్లపొయ్యి అంటించడం పన్నెండేళ్ల అబ్బాయికి చేతకాని విద్య కాదు. చలికాలంలో మా కోహీరు, జహీరాబాదు వైపు చలి గట్టిగానే ఉంటుంది. చల్లని గాలి నేలను అంటిపెట్టుకుని పైకి లేవదు. సాయంత్రం తగలబెట్టిన చెరుకు ఆకు, చెత్త, ప్లాస్టిక్ పొగ తెల్లవారేదాకా ఊరిమీదనే ఉంటుంది.

అసలు ప్రమాదం బాలింత గదిలో ఉన్నది. కాన్పు అయిందనగానే తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, పొద్దున సాయంత్రం సాంబ్రాణి పొగ వేస్తారు. చలి తగలకూడదన్న మంచి ఉద్దేశమే. కాని మూసిన గదిలో బొగ్గుల కుంపటి కార్బన్ మోనాక్సైడు బట్టీ. తల్లికి నిద్ర వచ్చినట్టుంటుంది, లేవకపోవచ్చు కూడా. కాన్పుతో గుండె పరీక్ష అయిపోలేదు. కొందరికి రక్తపోటు కాన్పు తరవాతి రోజుల్లోనే పైకి లేస్తుంది. వెచ్చదనానికి గొంగడి ఉన్నది, దుప్పట్లు ఉన్నాయి, బిడ్డకు తల్లి ఒళ్లే ఉన్నది. కుంపటి బయట పెట్టండి. నాయనమ్మ కోప్పడుతుంది. గట్టిగా వాదించవద్దు. పైన చెప్పిన సీటు మీద తువ్వాలు కథ ఆమెకు చెప్పి చూడండి, మా ఇంట్లో పనిచేసింది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు తెల్లటి పింగాణీ సాసర్లకు పలుచగా వాజలైను రాయండి. ఒకటి వంటింట్లో పొయ్యికి మూడడుగుల దూరంలో, ఒకటి పొగ లేని గదిలో పెట్టండి. మూడు రోజులయ్యాక భూతద్దంతో చూసి పోల్చండి. గుర్తుంచుకోండి, సాసరు మీద కనిపించేది ముతక ధూళి మాత్రమే. సన్నది గాలిలోనే తేలుతుంటుంది, సాసరుకు చిక్కదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గర్భిణి ఉంటే అంగన్‌వాడీలో ఇచ్చిన కార్డు ఒకసారి తీసి చూడండి. బి.పి. అనే గడిలో ఒకదానికింద ఒకటి రెండు అంకెలుంటాయి. గడి ఖాళీగా ఉంటే ఏ.ఎన్.ఎం. అక్కయ్యను అడిగి కొలిపించండి. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని చేరితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లముందు చుక్కలు కనిపించినా, ముఖం ఉబ్బినా, కడుపు పైభాగంలో నొప్పి వచ్చినా అంకెలకోసం ఆగవద్దు. 1982లో మాకు చెరుకు లారీ దిక్కయింది. మీకు 108 ఉన్నది.